మంచమంత జాగా

మా ఆయన పేరు ఇక్కడ రాయను. మా అమ్మ నాన్న పేరు పలికేది కాదు, మా అత్తగారు మామగారి పేరు పలికేది కాదు. నాకా పట్టింపు లేదు, బ్యాంకు ఫారాల మీద ఆయన పేరు వందసార్లు రాసినదాన్నే. రాయకపోవడానికి కారణం వేరు. ఆ పేరు ఇప్పటికే చాలా చోట్ల ఉంది, నా చేత్తో ఇంకోసారి ఎందుకు?

ఆయన చరిత్ర పుస్తకాలు రాస్తాడు. పండితులు రాసే రకం కాదు, బస్సులో కూర్చుని చదువుకునే రకం. రాయచూరు నుంచి అటు మహబూబ్‌నగర్ దాకా, ఇటు కర్నూలు దాకా తెలుగు చదవగలిగిన ఇళ్ళల్లో ఆయన పుస్తకం ఒక్కటైనా కనిపిస్తుంది. మా ఇంటికొచ్చేవాళ్ళు గుమ్మం బయటే చెప్పులు విడిచి, ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, "సార్, మన కోట ముట్టడి చదువుతాంటే కళ్ళ ముంగట జరిగినట్టే ఉంది" అంటారు. ఎందుకుండదు? అందులో రాజు రాణితో ఏకాంతంలో ఏమన్నాడో కూడా రాసి ఉంటుంది, ఈయన మంచం కింద కూర్చుని విన్నట్టు. గ్యాస్ అయిపోయిందని వంటింట్లోంచి నేను మూడుసార్లు అరిస్తే మాత్రం వినపడదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని మా అమ్మ అనే మాట ఎవరి గురించి పుట్టిందో నాకు బాగా తెలుసు.

ఆయన పుస్తకాలు నాకు ఇష్టం లేదు. ఇరవై ఏళ్ళుగా వాటి ప్రూఫులు దిద్దుతున్నదాన్ని కనక ఈ మాట అనే హక్కు నాకుంది. ఆయన చేత్తో రాస్తాడు, హైదరాబాదులో టైపు చేస్తారు, ఫోనుకి వచ్చినవి నేను జిరాక్సు షాపులో అచ్చు తీయించి ఎర్ర పెన్నుతో దిద్ది, ఫోటోలు తీసి పంపుతాను. ఒకసారి రాసింది ఆయన మళ్ళీ చదవడు. అచ్చయిన పుస్తకాన్నీ చదవడు. సంతకం పెట్టడానికి మొదటి పేజీ తిప్పుతాడు, అంతే.

ఊళ్ళో ఆయన్ని మెచ్చుకునేవాళ్ళు ఎంతమందో తిట్టేవాళ్ళూ అంతమందే. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన ఒకాయన కన్నడ పేపర్లో రాశాడు, ఈ పుస్తకాలు సాయంత్రం పూట మండక్కీ మిర్చీ, అదే బొరుగులూ మిరపకాయ బజ్జీలూ, తిన్నట్టుంటాయి, నోటికి బాగుంటాయి, ఆకలి మాత్రం తీరదు అని. మా ఆయన ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాడు. "మిర్చీ తిననోడు రాయచూర్ల ఎవడున్నడే?" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. నిజానికి ఆయనకో విద్య ఉంది, అది ఒప్పుకోవాలి. ఎదుటివాడు చెబుతుంటే వింటాడు. ఎండలో కోట బురుజు మీద పశువులు కాసుకునే ముసలాయన పక్కన గంటలు గంటలు కూర్చుంటాడు. లేచి వచ్చాక ముగ్గురు చెప్పింది పక్కనపెట్టి, నాలుగోవాడు చెప్పింది బాగుంటే అదే రాస్తాడు. నిజమా అని అడిగితే, "నిజం కాదని నువ్వు సూపియ్" అంటాడు.

నేను ఈ ఊరిదాన్ని కాదు. మాది బాళగనూరు దగ్గర ఒక క్యాంపు. కాలవ నీళ్ళు వచ్చిన రోజుల్లో కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కుని వరి పండించిన మావాళ్ళ ఊళ్ళని అక్కడ ఇప్పటికీ క్యాంపులనే అంటారు. మా నాన్న ధాన్యం తోలే రాయచూరు మిల్లులో మామగారు గుమాస్తా. అలా కుదిరింది సంబంధం. కులం ఒకటే, తెలుగులు రెండు. పెళ్ళయిన కొత్తలో ఆయన "ఇంట్ల ఎవరు లేరా?" అంటే నాకు నవ్వొచ్చేది, నేను "ఏవండీ, వచ్చేశారా" అంటే మా ఆడబిడ్డలు మూతులు తిప్పేవాళ్ళు.

ఆరేళ్ళ కిందట ఆయనకి మావాళ్ళ మీద పుస్తకం రాయాలని బుద్ధి పుట్టింది. క్యాంపుల చరిత్ర. ముళ్ళకంప కొట్టి బంగారం పండించిన కథ. ఇద్దరం మా పుట్టింటికి వెళ్ళాం. అప్పటికి నాన్న పోయి చాలా ఏళ్ళయింది. అమ్మా, తమ్ముడూ ఉన్నారు. నాలుగు రోజులు ఉన్నాం. అల్లుడుగారికి ఆ నాలుగు రోజులూ గారెలు, కోడికూర, మధ్యాహ్నం ఏసీ గదిలో నిద్ర. ఆయన చేలోకి వెళ్దామని ఒక్కసారి అన్నాడు. మా తమ్ముడు, "బావగారూ, బురదలో మీకెందుకండీ, అడగండి మేం చెబుతాంగా" అన్నాడు. అల్లుడు బురదలో దిగితే మావాళ్ళకి పరువు తక్కువ. ఆయన మళ్ళీ అడగలేదు.

మా పొలం సంగతి ఇక్కడ చెప్పాలి. అది నాన్న కొన్నప్పుడు ఒక కన్నడ రైతుది. వాళ్ళలో చనిపోయినవాళ్ళని సొంత చేలోనే పూడుస్తారు. ఆ రైతు భార్య పోయి అప్పటికి రెండేళ్ళు, ఆమె సమాధి చేను మధ్యలో ఉంది, మట్టి దిబ్బ, దాని మీద ఒక రాయి. అమ్మేరోజున ఆ రైతు సింధనూరు రిజిస్ట్రారాఫీసు మెట్ల మీద మా నాన్న చెయ్యి పట్టుకుని, దాని మీద నాగలి పెట్టొద్దు, ఏటా మహాలయ అమావాస్యకి దీపం పెట్టుకోనివ్వు అన్నాడట. కాగితం మీద రాయలేదు, నాన్న సరేనన్నాడు. ఉన్నన్నాళ్ళూ ఆ దిబ్బ చుట్టూ తిప్పి దున్నించాడు. మొదట్లో ఆ రైతు వచ్చేవాడు, తర్వాత ఆయన కూతురు వచ్చేది, దీపం, పళ్ళెంలో బువ్వ పట్టుకుని. ఆ కూతురు నాకంటే పదేళ్ళు పెద్ద. తన తండ్రి అమ్మిన చేలోనే కూలికి నాట్లు వేస్తూ పెరిగింది, పోనుపోను ముఠా మేస్త్రీ అయింది. చిన్నప్పుడు నేను ఆమె వెనకాలే గట్ల మీద తిరిగి కన్నడం నేర్చుకున్నాను. అక్కా అని పిలుస్తాను.

నాన్న పోయిన రెండో ఏడు తమ్ముడు ఆ దిబ్బని ట్రాక్టరుతో చదును చేసేశాడు. వరి మడికి నీళ్ళు నిలవాలంటే నేల సమంగా ఉండాలి, అది వాడి లెక్క. ఆ ఏడు అమావాస్యకి ఆమె దీపంతో వచ్చి, గట్టు మీద నిలబడి చూసి, వెనక్కి వెళ్ళిపోయిందట. అమ్మ నాకు ఫోను చేసి, "తమ్ముడు ఆ దిబ్బ తీసేశాడే. ఎవరితో అనకు, ముఖ్యంగా అల్లుడుగారితో" అంది. నేను అనలేదు.

ఇక పుస్తకం కోసం వచ్చిన మూడో రోజు ఆయన అమ్మని అడిగాడు, పాత రైతులతో మీరెట్ల ఉండేవాళ్ళు అని. అమ్మ ముప్పై ఏళ్ళుగా అల్లుడి ఎదుట పడని మనిషి, తలుపు చాటు నుంచే మాట్లాడుతుంది. తలుపు చాటు నుంచే ఆ రైతు కథంతా చెప్పి, "మీ మామగారి మాటంటే మాటేనండీ. ఆ సమాధి ఇప్పటికీ అలాగే ఉంది" అంది. నేను వంటింట్లో ఉన్నాను. అట్లకాడ చేతిలో అలాగే ఉండిపోయింది.

ఆయన దాన్ని నాలుగు వాక్యాల్లో రాశాడు. కొన్నవాళ్ళు అమ్మినవాళ్ళ సమాధిని కళ్ళలో పెట్టుకుని కాపాడుతున్నారని, కావాలంటే బాళగనూరు దగ్గరికి వెళ్ళి చూడమని. ప్రూఫులో అది చదివాను. 'సమాధి'లో ఒత్తు పోయి 'సమాది' అని పడితే దిద్దాను. వాక్యాలు మాత్రం ఉంచాను. కొట్టేస్తే ఎందుకు కొట్టేశావని అడుగుతాడు, చెబితే నా పుట్టింటి పరువు ఈయన చేతికి దొరుకుతుంది, దాన్నొక అధ్యాయం చేస్తాడు. ఈ భయంతో అబద్ధానికి ఒత్తు పెట్టి అచ్చుకి పంపాను. తప్పు అమ్మది, ఆయనది అని చాలా రోజులు అనుకున్నాను కానీ నా వాటా కూడా తక్కువేం కాదు.

పుస్తకం ఎంత ఆడిందో చెప్పక్కర్లేదు. క్యాంపుల్లో గృహప్రవేశాలకి తాంబూలంలో జాకెట్టు ముక్కతో పాటు ఈ పుస్తకం పెట్టి పంచారు. మా తాత ఫోటో లేదేమని ఇద్దరు ఇంటి మీదికి గొడవకొచ్చారు. రాయచూరు పాతవాళ్ళు, "అత్తగారి ఉప్పు తిన్నడు, రాయక ఏం జేస్తడు" అన్నారు. సింధనూరు సభలో ఒక కన్నడ మేష్టరు లేచి, పొలాలు అమ్ముకుని కూలీలైనవాళ్ళ మాట ఈ పుస్తకంలో ఏదండీ అని అడిగాడు. మా ఆయన పుస్తకం పైకెత్తి ఆ సమాధి కథ చెప్పాడు. హాలంతా చప్పట్లు. ఆ మేష్టరు కూర్చుండిపోయాడు. నా ఒళ్ళో ఆయనకి కప్పిన శాలువా ఉంది. దాన్ని నలిపేస్తూ కూర్చున్నాను.

తర్వాత జనం రావడం మొదలైంది. సమాధి చూపించమని మా పుట్టింటి ముందు జీపులు ఆగేవి. తమ్ముడు మొదట ఏవో సాకులు చెప్పాడు. తర్వాత కాలవగట్టు పక్కన, కారు ఆపుకోవడానికి వీలుగా, ఒక సమాధి కట్టేశాడు. ఇటుకలు, సిమెంటు, పైన వాళ్ళ వంటింట్లో మిగిలిన టైల్సు. మా ఆయన పుస్తకంలోని ఒక వాక్యం తెలుగులో రాయించాడు. నేను అది చూసేసరికి ఎవరో దాని మీద బంతిపూల దండ వేసి ఉన్నారు. ఆ టైల్సు మీద ద్రాక్షపళ్ళ బొమ్మలు. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు నాట్లు పడుతున్నాయి. అక్క గట్టు మీద కూర్చుని ఆకూవక్కా నములుతోంది. పక్కన కూర్చుని, చూశావా అక్కా అన్నాను.

"నమ్మవ్వ ఇల్లిల్ల" అంది. మా అమ్మ ఇక్కడ లేదు అని. తర్వాత గడ్డంతో మడి మధ్యకి చూపించింది. నాటిన వరుసల మధ్య ఒకచోట ఖాళీ ఉంది. ఒక మంచం పట్టేంత. వరుసలు దాని దాకా వచ్చి, చీలి, చుట్టూ తిరిగి మళ్ళీ కలిశాయి.

ఆ ఖాళీ నాకు ఎప్పటినుంచో తెలుసు. తమ్ముడు దాన్ని చౌడు అంటాడు. "ఏటా జిప్సం పోస్తున్నానక్కా, ఆ ముక్క పచ్చబడి చావదు" అని నాతో ఎన్నోసార్లు విసుక్కున్నాడు. మొక్క రాక కాదు, అక్కడ మొక్కే పెట్టలేదు. ముఠాకి ఆమే మేస్త్రీ, ఆమె ఎలా తిప్పితే వరుస అలా తిరుగుతుంది. వరి దుబ్బులు కట్టేసరికి అది చౌడు ముక్కలాగే కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. దిబ్బ తీసేసిన ఏడాది నుంచి, ఏడాదికి రెండు పంటలు, ఆమె వాళ్ళమ్మ మీద కాలు పెట్టకుండా, మొక్క పెట్టకుండా నాటుకుంటూ వచ్చింది. మా తమ్ముడు ఆ తల్లి మీద జిప్సం పోస్తూ వచ్చాడు.

"మీ తమ్ముడు ఆ టైల్సు దగ్గర దీపం పెట్టమన్నాడు, ఫోటో తీస్తారట" అంది ఆమె. "ఉత్త చోట నేను దీపం పెడితే మా అవ్వ ఎటు పోవాలి? నేనింకెన్నేళ్ళు ఒంగుతాను? నా తర్వాత జనం పుస్తకం చూసి ఆ టైల్సు కిందే ఉందనుకుంటారు. నీ గండ (అంటే మొగుడు) రాశాడు కదా. అక్కడ లేదని రాయమను. అంతే చాలు."

ఆమె అడిగింది అంతే. రాయచూరు వచ్చి ఆయనకి అన్నీ చెప్పాను. అమ్మ ఆడిన అబద్ధం, నేను దాచింది, టైల్సు. పుస్తకం మూడో ముద్రణకి వెళ్తోంది, ఆ నాలుగు వాక్యాలు తీసేయండి అన్నాను.

"ఏందే, గిట్లంటవు? గంతమంది పోయి దండం పెడుతుండ్రు. ఇప్పుడు కాదంటే ఇజ్జత్ ఏముంటది?"

"ఎవరి ఇజ్జత్?"

"నీ తల్లిగారింటిదే! నాదేం బోతది?" అన్నాడు. పేపరు మడిచి స్నానానికి వెళ్ళిపోయాడు.

నాకు అంత కోపం పెళ్ళయ్యాక ఎప్పుడూ రాలేదు. అయినా మనిషి మీద అరిచి లాభమేముంది? ఆఖరి ప్రూఫు నా చేతిలోనే ఉంది. వాక్యాలు కొట్టేసి, ఆయన రాసినట్టే రాశాను. 'ఆ సమాధి ఇప్పుడు లేదు. మా అత్తగారి కుటుంబమే చదును చేసింది. కాలవగట్టు మీద కట్టినదాని కింద ఎవరూ లేరు.' మూడు వాక్యాలు. అక్క అడిగింది అయిపోయింది. పెన్ను మూత పెట్టి మళ్ళీ తీశాను. 'ఆమె కూతురు ఏటా నాట్లలో ఒక మంచమంత జాగా వదిలి నాటుతుంది' అని నాలుగోది రాశాను. చదువుకుంటే ఎంత బాగుందో! ఫోటో తీసి పంపేశాను.

పుస్తకం వచ్చిన పదిరోజులకి తమ్ముడి ఫోను. నాకు కాదు, ఆయనకి. పక్కగదిలో ఉన్న నాకూ వినిపించేంత గట్టిగా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు బావా అన్నాడు. 'గారు' పోయింది. క్యాంపు కుర్రాళ్ళు పుస్తకాలు కాలవలో పడేశారట. అమ్మ నాకు ఫోను చేసి ఒక్కమాటే అంది, "అల్లుడుగారి ముందు నా తల తీసేశావే." ఆ తర్వాత ఆరు నెలలు మాట్లాడలేదు.

ఆయన అలమారులోంచి పుస్తకం తీసి, ఆ పేజీ నిలబడే చదివాడు. తను రాసిన పుస్తకం ఆయన చదవడం అదే మొదలు. నా వైపు చూశాడు. పుస్తకాన్ని మళ్ళీ అలమారులో పెట్టేశాడు. మూడో రోజు కన్నడ పేపరు వచ్చింది. మండక్కీ మిర్చీ అన్న ఆ లెక్చరరే రాశాడు, ఈ రచయిత మొదటిసారి చరిత్ర రాశాడు, సొంత బంధువుల తప్పు రాయడానికి గుండె కావాలి అని. నాలుగో వాక్యాన్ని కన్నడంలోకి మార్చి మరీ అచ్చు వేశాడు. ఇక ఫోన్లు ఆగలేదు. రాయచూర్లో సన్మానం చేశారు. మా ఆయన మైకు ముందు నిలబడి, "అత్తగారిల్లని చూడలే. సత్యం సత్యమే" అన్నాడు. గొంతు కూడా వణికించాడు. నేను మొదటి వరసలో ఉన్నాను. నా వైపు చూడలేదు. దొంగ అనుకున్నాను, నోటితోనే అనుకున్నాను, పక్కావిడ వినేలా.

పోనీలే, వాక్యాలు నిలిచాయి కదా అనుకుని పుస్తకం తీసుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. క్యాంపులోకి వెళ్ళలేదు, కాలవకి అవతల పాత ఊళ్ళో ఆమె ఇంటికి. దారిలో మా చేను కనిపించింది. మడి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే పచ్చగా ఉంది. ఎంత వెతికినా ఖాళీ లేదు.

అక్క అరుగు మీద కూర్చుని ఉంది. ఈసారి మీ తమ్ముడు నాట్లు వేసే మిషను తెచ్చాడు, మా ముఠాని రావద్దన్నాడు అంది. ఎందుకో తెలీదంది. మిషను తిరిగాక, నడిమధ్యన ఆ ముక్కలో మిగిలిన సందుల్లోకి తనే దిగి, చేత్తో నాటాడట. పొలం పనిలో ఎప్పుడూ ఒంగనివాడు ఒంగి నాటాడు అని ఆశ్చర్యంగా చెప్పింది.

ఆమెకి తెలుగు మాట్లాడటం వచ్చు, ఏ భాషా చదవడం రాదు. నేను పేజీ తీసి కన్నడంలో చదివి చెప్పాను. మూడు వాక్యాలకీ తల ఊపింది. నాలుగోది విని తల ఊపడం ఆపేసింది. "మళ్ళీ చదువు" అంది. చదివాను.

"ఓ. అందుకా" అంది.

బాగుందని రాశానని చెప్పనా? ఇరవై ఏళ్ళు ఆయన్ని తిట్టుకుని, పెన్ను చేతికొచ్చిన ఒక్కపూటలో నేను చేసిందీ అదే. ట్రాక్టరుకి దొరకని జాగాని మా తమ్ముడికి నేనే వేలు పెట్టి చూపించాను. తప్పయిపోయింది అక్కా అని ఏడ్చాను. ఆమె నన్ను ఊరుకోబెట్టలేదు, తిట్టనూ లేదు. పేజీ మీద చెయ్యి వేసి, "అవ్వన హెసరు ఐతేను?" అంది. అమ్మ పేరుందా ఇందులో అని.

లేదు. 'పాత రైతు భార్య' అని ఉంది. ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. పుట్టినప్పటినుంచీ ఆ చేని అన్నం తిన్నాను, ఒక్కసారైనా అడగలేదు.

అప్పుడు అడిగాను. చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, రాయనా అని ఆమెని అడగాలి ముందు. ఆ రోజు మాత్రం రాయమంది. ఎర్ర పెన్ను తీసి, ఆ నాలుగు వాక్యాల పక్కన ఖాళీలో రాసి, ఇదిగో అక్కా అని చూపించాను. ఆమె మొదటి అక్షరం దగ్గర బొటనవేలు, చివరి అక్షరం దగ్గర చూపుడువేలు పెట్టింది. వేళ్ళు అలాగే పైకెత్తి, ఆ కొలత చూసుకుంది.

"ఇంతేనా?" అంది.